ఆఫ్రికాలో పెద్దవాళ్ళను ఇంటివాళ్ళే చూసుకుంటారా? ఎవరు ఎవర్ని చూస్తున్నారో ముందు అడగాలి

మధ్యలో దారి తప్పకుండా మీ ప్రశ్నను ముందు ఇక్కడ పెట్టుకుంటాను. "ఆఫ్రికా దేశాల్లో వృద్ధాశ్రమాలు పెద్దగా ఉండవనీ, అక్కడి సంస్కృతిలో పెద్దవాళ్ళను కుటుంబమే చూసుకుంటుందనీ చదివాను. అదే నిజమైతే ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ మధ్య తేడా ముసలితనంలో తగ్గాలి కదా? ఎంఏ వ్యాసానికి కావాలి" అన్నారు.

తగ్గదండీ. చాలాచోట్ల పెరుగుతుంది. ఎందుకో చెప్పాలంటే కాస్త ఓపిక కావాలి, నాకూ మీకూ.

నా సంగతి రెండు ముక్కల్లో. దక్షిణాఫ్రికాలో, క్వాజులు-నాటాల్ ఉత్తరపు పల్లెల్లోనూ తర్వాత ఈస్టర్న్ కేప్‌లోనూ కలిపి పందొమ్మిదేళ్ళు ఇంటింటి సర్వేల పని చూశాను. అంతకుముందు రెండేళ్ళు ఘానాలో ఉన్నాను. ప్రొఫెసర్ని కాదు. ఫారాలు నింపించేవాణ్ణి, నింపినవి సరిచూసేవాణ్ణి. కాబట్టి ఇందులో చదివింది కొంత, అరుగుల మీద కూర్చుని విన్నది కొంత. యాభై నాలుగు దేశాల ఖండాన్ని ఒకే గాటన కట్టడం నాకు చేతకాదు. తెలిసిన రెండు చోట్ల గురించి చెప్తాను, మిగతావి దారిలో తగిలితే తగిలినట్టు.

మా ఫారంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే నా కళ్ళు తెరిపించింది అదే. ఒక మధ్యాహ్నం మా దగ్గర పనిచేసే జులు అమ్మాయి ఒక గోగోని ప్రశ్నలడుగుతోంది. గోగో అంటే అమ్మమ్మా నాయనమ్మా రెండూనూ. మనం ఏ పెద్దావిణ్ణయినా మామ్మగారూ అన్నట్టు వాళ్ళు గోగో అంటారు. ఆవిడకి అరవై ఎనిమిదేళ్ళు. ఫారంలో ప్రశ్న ఇది: గత మూడు నెలల్లో పిల్లలూ బంధువులూ మీకు ఎంత డబ్బిచ్చారు? ఆవిడ ఒక కూతురి పేరు చెప్పింది. డర్బన్ నుంచి వచ్చినప్పుడు కొంత చేతిలో పెట్టి వెళ్ళిందట. ఇంకెవరూ లేరంది. అమ్మాయి పేజీ తిప్పబోతుంటే ఆవిడ కాగితం మీద చెయ్యి అడ్డం పెట్టింది. "నాకెవరిచ్చారో అడిగావు. నేనెవరికిచ్చానో అడగవేం?"

ఆ గడి మా కాగితంలో లేదు. ఫారం తయారుచేసినవాళ్ళు తెలివితక్కువవాళ్ళేమీ కారు. ముసలివాళ్ళు పుచ్చుకునేవాళ్ళు, వయసులో ఉన్నవాళ్ళు ఇచ్చేవాళ్ళు అన్న ఊహ వాళ్ళ తలలో ముందే స్థిరపడిపోయింది. మీరు చదివిన వాక్యంలో ఉన్నదీ అదే.

ఆ వాక్యానికి ఒక చరిత్ర కూడా ఉంది. గౌరవంగా చెప్పుకోదగ్గది కాదు. దక్షిణాఫ్రికాలో 1928లో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చింది. తెల్లవాళ్ళకీ, అక్కడ కలర్డ్ అని పిలిచే మిశ్రమ సంతతివాళ్ళకీ వర్తించింది. నల్లవాళ్ళకి లేదు, భారతీయులకీ లేదు. నల్లవాళ్ళ విషయంలో చెప్పుకున్న సమర్థన ఏమిటంటే, వాళ్ళ ఆచారం ప్రకారం పెద్దల్ని బంధువర్గమే పోషిస్తుంది కనుక ప్రభుత్వం కల్పించుకోనక్కర్లేదు అని. అప్పటికి 1913 భూమి చట్టం వచ్చి పదిహేనేళ్ళయింది. దేశం మొత్తంలో ఏడు శాతం దాకా భూమిని మాత్రమే నల్లవాళ్ళకి వదిలిన చట్టం అది. మగవాళ్ళు జొహానెస్‌బర్గ్ చుట్టుపక్కల బంగారు గనుల్లో ఉన్నారు. ఊళ్ళలో మిగిలింది ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ. అంటే పోషించాల్సిన చేతుల్ని గనుల్లోకి దించి, పోషించే భూమిని లాక్కుని, ఆపైన మీ ఆచారం గొప్పది, మీ పెద్దల్ని మీరే చూసుకుంటారు అన్నారు. ఎవరైనా మన కుటుంబ వ్యవస్థని మరీ అంత పొగుడుతుంటే, ఆ పొగడ్త వల్ల ఎవరి ఖర్చు తప్పుతోందో ఒకసారి చూడమని నా దగ్గర పనిచేసే పిల్లలకి చెప్పేవాణ్ణి.

1944లో నల్లవాళ్ళకీ భారతీయులకీ కూడా పింఛను మొదలైంది. అందరికీ ఒకే మొత్తం కాదు. జాతిని బట్టి రేటు. పైన తెల్లవాళ్ళు, మధ్యలో కలర్డ్‌లూ భారతీయులూ, అడుగున నల్లవాళ్ళు. తెల్లవాళ్ళకి నెలనెలా అందేది, నల్లవాళ్ళకి రెండు నెలలకోసారి. అందరికీ సమానం చేసింది 1993లో, అంటే అందరూ ఓటేసిన మొదటి ఎన్నికలకి ఏడాది ముందు.

వృద్ధాశ్రమాలు ఉండవన్న మాట కూడా అలాంటిదే. ఉన్నాయి. అపార్తీడ్ రోజుల్లో, అంటే జాతుల్ని చట్టంతో విడగొట్టి పాలించిన కాలంలో, ప్రభుత్వ సాయంతో నడిచినవాటిలో అత్యధికం తెల్లవాళ్ళవి. నల్లవాళ్ళ పేటల్లో కట్టలేదు కనుక లేవు. కట్టకపోవడాన్ని సంస్కృతి ఖాతాలో రాసుకున్నారు.

మనవాళ్ళ ముచ్చట ఒకటి ఇక్కడే చెప్పేస్తాను, తర్వాత మరిచిపోతాను. 1860 నవంబరులో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి మొదటి చెరకు కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చినవాళ్ళలో తెలుగువాళ్ళు చాలామంది. వాళ్ళ మనవలు 1931లో అక్కడ ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. అక్కడి భారతీయులు ఉమ్మడి కుటుంబాన్ని కుటుం అంటారు. మూడు తరాలు ఒకే ఆవరణలో, వెనక అరటిచెట్లు, కోళ్ళు. 1950లో జాతులవారీగా నివాస ప్రాంతాలు విడగొట్టే చట్టం వచ్చింది. వాళ్ళని అక్కణ్ణుంచి లేపి చాట్స్‌వర్త్ లాంటి కొత్త కాలనీల్లో పడేశారు. అగ్గిపెట్టెల్లాంటి ఇళ్ళు. తల్లిదండ్రులూ ముగ్గురు కొడుకుల కాపురాలూ వాటిలో ఎలా పడతాయి? పెద్దకొడుకు ఒక వీధిలో, రెండోవాడు నాలుగు మైళ్ళ అవతల. కుర్రాళ్ళు తెల్లవాళ్ళ పోకడలు పట్టి విడిపోయారని పెద్దలు బాధపడుతుంటే విన్నాను. ఇంటి ప్లానుని తప్పుపట్టినవాళ్ళు మాత్రం తక్కువ.

సరే, గోగో దగ్గరకి వద్దాం.

నేను వెళ్ళిన కొత్తలో పింఛను రోజంటే తిరునాళ్ళే. వేలిముద్ర వేస్తే నోట్లు అందించే యంత్రాలతో వ్యాన్లు వచ్చేవి, పక్కన తుపాకులతో కాపలావాళ్ళు. తెల్లవారకముందే వరసలో దుప్పట్లు కప్పుకుని గోగోలు. చుట్టూ బజారు లేచేది. బతికున్న కోళ్ళు, పాత బట్టల గుట్టలు, ప్లాస్టిక్ బకెట్లు, అమగ్విన్య అనే మైదా బోండాలు. మరికాస్త దూరంలో చెట్టు నీడన కారులో కూర్చుని ఉండేవాడు మషోనిసా. అంటే వడ్డీవాడు. నెలకి ముప్ఫై, యాభై శాతం వడ్డీ గుంజేవాళ్ళని చూశాను. తాకట్టు ఏమిటంటే ఆవిడ పింఛను కార్డే, దాని రహస్య సంఖ్యతో సహా. వరసలోంచి వచ్చిన ఆవిడ ముందు అటు నడిచేది, తర్వాతే బజారుకి. ఈమధ్య డబ్బు ఎక్కువగా బ్యాంకు కార్డు మీదే తీసుకుంటున్నారు, తిరునాళ్ళు పలచబడింది. మషోనిసా మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఆ డబ్బు ఎన్ని దారుల్లో పోతుందో మీకు తెలియాలి. మొక్కజొన్న పిండి పెద్ద సంచీ, నూనె, చక్కెర, టీ పొడి. కరెంటుకి ముందే డబ్బు కట్టి మీటరులో నంబరు కొట్టుకోవాలి, దానికి కొంత. మనవలకి బడి దాకా వెళ్ళే వ్యాను కిరాయి. ఉద్యోగానికి దరఖాస్తు ఇవ్వడానికి పట్నం వెళ్తానన్న మనవడికి దారిఖర్చు. చర్చికి కొంత. అంత్యక్రియల సంఘానికి నెల చందా. ఇది మాత్రం ఏ నెలా ఎగ్గొట్టరు. తిండి తగ్గించుకునైనా కడతారు. మన చీటీల్లాంటి స్టాక్‌వెల్‌కి ఇంకొంత. మిగిలితే ఆవిడ బీపీ మాత్రల కోసం క్లినిక్కుకి వెళ్ళే కిరాయి. మాత్రలు ఉచితమే, అక్కడికి చేరడం ఉచితం కాదు. మిగలని నెల ఆ ప్రయాణమే ఆగుతుంది.

లెక్క వేసి చూపిస్తాను. 2024 చివరికి దక్షిణాఫ్రికాలో వృద్ధాప్య పింఛను నెలకి 2,190 ర్యాండ్లు. పేదపిల్లలకి ఇచ్చే భృతి ఒక్కొక్కరికి 530. ఏడుగురున్న ఇల్లు అనుకోండి. గోగో, పనిలేని ఇద్దరు పెద్దపిల్లలు, నలుగురు మనవలు. ఆ నలుగురిలో ఇద్దరికి భృతి వస్తోంది, మిగతా ఇద్దరికి కాగితాలు సరిగ్గా లేవు. ఇది మామూలే. మొత్తం 3,250 ర్యాండ్లు, తలకి 464. ఆ ఏడాది ఆ దేశపు గణాంక శాఖ లెక్క ప్రకారం ఒక మనిషి తిండికే నెలకి 796 కావాలి. అంటే ఆ పింఛను ఒక్కావిడకే అయితే ఆవిడ హాయిగా బతుకుతుంది. ఏడుగురికి పంచితే ఏడుగురూ సగం ఆకలితో ఉంటారు, ఆవిడతో సహా. ఆవిడ అందుకునే డబ్బు చూసి పేదరాలు కాదనుకుంటాం. కాగితం మీద అంతే మరి.

నిరుద్యోగం మూడోవంతుకి దగ్గరలో ఉన్న దేశం అది. పింఛనున్న ఇంటి చుట్టూ మనుషులు చేరతారు, దీపం చుట్టూ పురుగుల్లా అని ఒక కుర్రాడు తన గురించి తనే నవ్వుతూ అన్నాడు నాతో.

దీని మీద మంచి పరిశోధన జరిగింది. మీ వ్యాసానికి పనికొస్తుంది. ఆన్ కేస్, ఆంగస్ డీటన్ అనే ఆర్థికవేత్తలు 1998లో ప్రచురించిన పనిలో ఈ పింఛను 1993 నాటికే నల్లజాతి కుటుంబాల తలసరి మధ్యస్థ ఆదాయానికి రెండింతలకు పైగా ఉందని చూపించారు. పైగా ముసలివాళ్ళు మూడు తరాల ఇళ్ళలో ఉంటారు కనుక, వాళ్ళకిచ్చిన డబ్బు పేదపిల్లలున్న ఇళ్ళకే చేరుతోందన్నారు. ఎస్తర్ డుఫ్లో అనే ఇంకో ఆర్థికవేత్త 2003లో మరో మెలిక బయటపెట్టింది. పింఛను ముసలావిడకి వస్తే ఇంట్లో ఆడపిల్లల బరువు, ఎత్తు మెరుగయ్యాయి. ముసలాయనకి వస్తే అలాంటి తేడా ఏమీ కనిపించలేదు. అదే డబ్బు, అదే ఇల్లు, చెయ్యి మారింది. ఇది చదివి మా ఆఫీసులో ఆడవాళ్ళెవరూ ఆశ్చర్యపోలేదు.

అదే ఏడు ఇంకో పరిశోధన వచ్చి, పింఛనున్న ఇళ్ళలో వయసులో ఉన్న మగవాళ్ళు పని తగ్గిస్తున్నారని చెప్పింది. పత్రికలు దాన్ని అందిపుచ్చుకున్నాయి, గోగో డబ్బుతో కుర్రాళ్ళు సోమరులవుతున్నారని. తర్వాత 2009లో అదే ఆన్ కేస్ ఇంకో ఇద్దరితో కలిసి, క్వాజులు-నాటాల్‌లోని ఉమ్‌ఖన్యకుడే జిల్లాలో ఒకే కుటుంబాలను ఏళ్ళ తరబడి గమనించిన లెక్కలు తీసి చూస్తే సంగతి తిరగబడింది. ఇంట్లో పింఛను మొదలయ్యాక వయసులో ఉన్నవాళ్ళు పనికోసం ఊరు దాటి వెళ్ళడం పెరిగింది. వెళ్ళడానికి దారిఖర్చు దొరికింది, పిల్లల్ని గోగో చూసుకుంటుందన్న ధైర్యం దొరికింది. మొదటి పరిశోధన ఇంట్లో ఉన్నవాళ్ళనే లెక్కపెట్టింది. పనికి వెళ్ళిపోయినవాడు ఆ లెక్కలో లేడు. సర్వేలో "ఇంట్లో మనిషి" అంటే ఎవరు అన్న ఒక్క నిర్వచనం మీద ఎంత తీర్పు ఆధారపడుతుందో చూడండి. ఇలాంటివాటి మీద మేం రోజులకి రోజులు వాదించుకునేవాళ్ళం.

ఎయిడ్స్ కాలం గురించి ఎక్కువ రాయలేను. 2004లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో మందులు ఇవ్వడం మొదలయ్యేదాకా ఆ పల్లెల్లో జరిగింది ఒకటే. పట్నం వెళ్ళిన కొడుకో కూతురో చిక్కి సగమై ఇంటికొచ్చేవారు. తల్లి ఒళ్ళు తుడిచి, అన్నం తినిపించి, చివరికి పాతిపెట్టి, వాళ్ళ పిల్లల్ని పెంచుకునేది. పెద్ద దిక్కు అన్న మాట మనం ఊరికే వాడేస్తాం. ముసలివాళ్ళని కుటుంబం చూసుకోవాల్సిన వయసులో కుటుంబాన్ని ముసలివాళ్ళు చూసుకున్నారు, అదీ పింఛను డబ్బుతో. సరిహద్దు అవతల లెసోతోలో 2004 నవంబరులో డెబ్భై దాటినవాళ్ళందరికీ పింఛను మొదలుపెట్టారు, నెలకి 150 మలోటీలు. చిన్న దేశం, పేద దేశం, అయినా ఇచ్చింది. ఆ డబ్బులోంచీ అనాథలైన మనవల ఫీజులూ పుస్తకాలే వెళ్ళాయి.

మగవాళ్ళ కథ వేరు. దక్షిణాఫ్రికాలో చాలాకాలం ఆడవాళ్ళకి అరవైకి, మగవాళ్ళకి అరవై ఐదుకి పింఛను. 2008 నుంచి 2010 లోపు మెల్లగా మగవాళ్ళదీ అరవైకి దించారు. అప్పటిదాకా ఆ ఐదేళ్ళు బతకనివాళ్ళు చాలామంది. గనుల్లో పనిచేసినవాళ్ళ ఊపిరితిత్తుల్లో సిలికా దుమ్ము పేరుకుపోతుంది, ఆపైన క్షయ. ఈస్టర్న్ కేప్‌లోనూ లెసోతోలోనూ యాభై ఏళ్ళకే పది అడుగులు నడిచి ఆగిపోయే మాజీ గని కార్మికుల్ని ఎంతమందిని చూశానో. గని కంపెనీల మీద వాళ్ళు సామూహికంగా వేసిన కేసులో 2019లో కోర్టు ఒక ఒప్పందాన్ని ఆమోదించింది, దాదాపు 500 కోట్ల ర్యాండ్లు. ఆ డబ్బుకి దరఖాస్తు పెట్టాలంటే పాత ఉద్యోగ కాగితాలు, డాక్టరు పరీక్షలు. అవి కుదిరేలోపు పోయినవాళ్ళ భార్యలు ఇప్పటికీ ఫైళ్ళు పట్టుకుని తిరుగుతున్నారు. ఇంకోటి, పాతికేళ్ళు గనిలో ఉండి ఏడాదికోసారి ఇంటికొచ్చిన మనిషికి పిల్లలతో చనువుండదు. డబ్బు పంపినన్నాళ్ళు తండ్రి. పంపడం ఆగాక ఇంట్లో ఒక మూల దగ్గుతూ కూర్చునే కొత్త మనిషి.

ఇప్పుడు మీ ప్రశ్నకి సూటిగా. అదే ఊళ్ళో ఒక రిటైరైన టీచరు ఉంటుంది. ఆవిడకి ప్రభుత్వ ఉద్యోగుల పింఛను వస్తుంది, వృద్ధాప్య భృతికి ఎన్నో రెట్లు. ఇద్దరు పిల్లల్ని చదివించింది, ఒకరు నర్సు, ఒకరు బ్యాంకులో. నెలనెలా వాళ్ళు కూడా పంపుతారు, సెలవులకి కారులో వస్తారు, గోడలకి రంగులేయిస్తారు. పక్కింటి గోగో జీవితమంతా ఒక తెల్లవాళ్ళింట్లో వంటపని చేసింది. ఆ జీతంతో పిల్లల్ని పెద్ద చదువులు చదివించలేకపోయింది. ఆ పిల్లలకిప్పుడు పని లేదు, కనుక వచ్చి ఆవిడ మీదే ఉన్నారు. కుటుంబ సాయం రెండిళ్ళలోనూ నిండుగా నడుస్తోంది. ఒకింట్లో పిల్లల నుంచి పైకి వస్తోంది, ఇంకోయింట్లో ముసలావిడ నుంచి కిందికి పోతోంది. ప్రేమలో తేడా లేదు. ఎవరికి తక్కువ అవసరమో వాళ్ళకే కుటుంబం ఇస్తోంది, ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ళ దగ్గరే తీసుకుంటోంది. కుటుంబం తేడాని పూడుస్తుందని మీరు అనుకున్నారు. నేను చూసినంతలో కుటుంబం ఆ తేడాని ఒక తరం నుంచి ఇంకో తరానికి మోసుకొచ్చే బండి.

అటువైపు నుంచి చూస్తే, మొదటిసారి ఉద్యోగం వచ్చిన కుర్రాళ్ళు దీన్ని బ్లాక్ ట్యాక్స్ అంటారు. జీతం రాగానే అమ్మకి, చెల్లి ఫీజుకి, మేనమామ అప్పుకి. పక్క బల్ల దగ్గర కూర్చున్న తెల్లకుర్రాడు అదే జీతంతో ఫ్లాటు కొంటాడు, అతని తల్లిదండ్రులకి ఆస్తీ పింఛనూ రెండూ ఉన్నాయి కనుక. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ ఇద్దరి ముసలితనాలు ఎలా ఉంటాయో చెప్పక్కర్లేదు.

ఇక ఘానా. అక్కడ దక్షిణాఫ్రికా లాంటి పింఛను లేదు. ఉద్యోగులు చందా కట్టి తీసుకునేది ఉంది గానీ, ఎక్కువమంది రైతులు, బజారులో అమ్ముకునేవాళ్ళు, రోజుకూలీలు. అందుకని ఘానాలోనే కుటుంబ సాయం అసలు స్వరూపం కనిపిస్తుంది. అకాన్ జనాల్లో ఒక సామెత ఉంది. నీకు పళ్ళు వచ్చేదాకా పెద్దలు నిన్ను చూసుకున్నారు, వాళ్ళ పళ్ళు ఊడేటప్పుడు నువ్వు వాళ్ళని చూసుకో అని. పెద్దల మీద భక్తి గురించి వ్యాసాలు రాసేవాళ్ళందరూ దీన్ని ఎత్తుకుంటారు. కానీ జాగ్రత్తగా వినండి, అది షరతు. చూసుకున్నారు కనుక చూసుకో. చూసుకోకపోతే?

క్వాహు ప్రాంతంలో స్యాక్ వాన్ డెర్ గేస్ట్ అనే డచ్చి మానవశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ముసలివాళ్ళతో మాట్లాడాడు. ఆయన రాసిందీ నేను చూసిందీ ఒకటే. అకాన్‌లది తల్లి వంశం. పిల్లలు తల్లి వంశానికి చెందుతారు, దాన్ని అబుసువా అంటారు. తండ్రి ఆ వంశంలోవాడు కాడు. తండ్రి పని ఫీజులు కట్టడం, దారి చూపడం. కోకో తోటల వెంబడి ఊళ్ళు తిరిగి, రెండు మూడు పెళ్ళిళ్ళు చేసుకుని, పిల్లల్ని వాళ్ళ తల్లులకి వదిలేసినవాడు డెబ్భై ఏళ్ళకి ఊరొస్తే, అతనికి అన్నం పెట్టాల్సిన బాధ్యత ఎవరిది? పిల్లలంటారు, మా పళ్ళొచ్చినప్పుడు నువ్వెక్కడున్నావ్? అక్కచెల్లెళ్ళ పిల్లలు ఒక మూల గది ఇస్తారు, ఎప్పుడో ఒక గిన్నె సూపు పంపుతారు. తల్లుల పరిస్థితి చాలావరకు నయం, పెంచినవాళ్ళు కనుక. ఇల్లు కట్టినవాడి పరిస్థితీ నయం, ఆ ఇంట్లో ఉండేవాళ్ళు ఉంటారు కనుక. డబ్బు లేక ఫీజు కట్టలేకపోయినవాడూ, కట్టకుండా తాగినవాడూ ముసలితనంలో ఒకే వరసలో నిలబడతారు. సామెత ఆ ఇద్దరికీ తేడా చూడదు.

ఘానాలోనే ఇసబెల్లా అబొడెరిన్ చేసిన పరిశోధన ఈ వాదాన్ని ఇంకాస్త బిగించింది. పిల్లలకి బుద్ధి మారిందని, విలువలు పోయాయని ముసలివాళ్ళూ పాత్రికేయులూ అంటారు. ఆవిడ చెప్పేది, చేతిలో ఉన్న కొద్ది డబ్బు తల్లికా తన పిల్లలకా అన్న ఎంపిక వచ్చినప్పుడు జనం పిల్లల వైపు మొగ్గుతున్నారు, విలువల కన్నా ముందు చేతిలో డబ్బు తరిగిపోయింది అని. నాకు ఇదే సరైన మాట అనిపిస్తుంది.

అయితే చావుకి మాత్రం డబ్బు దొరుకుతుంది. అకాన్‌లే తమ మీద తామే వేసుకునే చురక ఒకటి ఉంది, అబుసువా దొ ఫును. అంటే వంశానికి శవం అంటే ప్రేమ. బతికుండగా మందుకి డబ్బు పంపనివాళ్ళు, పోయాక శవాన్ని వారాల తరబడి ఆసుపత్రి ఐసుగదిలో ఉంచి, ఈలోగా ఇంటికి రంగులేయించి, పోస్టర్లు అచ్చేసి, కుర్చీలూ షామియానాలూ బ్యాండూ మాట్లాడి, నలుపూ ఎరుపూ బట్టలు కుట్టించుకుని ఊరందరికీ భోజనాలు పెడతారు. నేను వెళ్ళిన ఒక అంత్యక్రియకి లండన్ నుంచి కొడుకు దిగాడు. చనిపోయినాయన ఆఖరి ఏడాది కళ్ళకి శుక్లాల ఆపరేషన్ లేక తడుముకుంటూ బతికాడని పక్కింటావిడ నా చెవిలో చెప్పింది. ఆ షామియానా కిరాయితో రెండు కళ్ళూ బాగయ్యేవి. కానీ కొడుకుని తిట్టే ముందు ఒకటి. అంత్యక్రియ పదిమందీ చూస్తారు, రాకపోతే తల్లి వంశంలో అతనికి స్థానం పోతుంది. కంటి ఆపరేషన్ ఎవరూ చూడరు. మన దినాలకీ పెద్దకర్మలకీ అయ్యే ఖర్చు తెలిసినవాళ్ళకి ఇది అర్థం కావడానికి ఎక్కువసేపు పట్టదు.

ఘానా ఉత్తరాన ఇంకో చీకటి మూల ఉంది. గంబాగా లాంటి చోట్ల మంత్రగత్తెలని ముద్రపడి ఊళ్ళోంచి తరిమేసిన ఆడవాళ్ళు తలదాచుకునే శిబిరాలున్నాయి. వాళ్ళలో ఎక్కువమంది భర్త పోయిన, వయసు మళ్ళిన, అండగా నిలబడే కొడుకు దగ్గరలేనివాళ్ళు. కొడుకు పట్నంలో పెద్ద ఉద్యోగంలో ఉంటే ఆ ముద్ర వేయడానికి ఊళ్ళో ఎవరికీ ధైర్యం చాలదు. 2020 జులైలో కఫాబా అనే ఊళ్ళో తొంభై ఏళ్ళ ఆవిణ్ణి అందరూ చూస్తుండగా కొట్టి చంపారు. 2023లో పార్లమెంటు ఇలాంటి నిందల్ని నేరంగా చేసే బిల్లు ఆమోదించింది. అప్పటి అధ్యక్షుడు సంతకం పెట్టలేదు. ముసలివాళ్ళని దేవుళ్ళలా చూసే సంస్కృతి అని రాసే ముందు ఈ శిబిరాల్ని గుర్తుపెట్టుకోండి. అలాగని ఆఫ్రికా అంటే ఇదే అని కూడా రాయకండి, దయచేసి.

చట్టాల గురించి క్లుప్తంగా. కెన్యా 2010 రాజ్యాంగం 57వ అధికరణం వృద్ధులకి కుటుంబం నుంచీ ప్రభుత్వం నుంచీ తగిన సంరక్షణ పొందే హక్కు ఉందంటుంది. కుటుంబంతో పాటు ప్రభుత్వం పేరూ ఉండటం చూడండి, అదే దాని విలువ. వృద్ధుల హక్కుల మీద ఆఫ్రికన్ యూనియన్ ఒప్పందం 2016లో ఆమోదం పొంది 2024లో అమల్లోకి వచ్చింది. పింఛన్ల విషయానికొస్తే వయసు గీత ఎక్కడ గీశారన్నది చూడండి. కెన్యాలో డెబ్భై, నెలకి 2,000 షిల్లింగులు. ఉగాండాలో దేశమంతటా ఇవ్వడానికి డబ్బు చాలక ఎనభైకి గీశారు. ఎనభై దాకా బతికేది ఎవరు? జీవితమంతా రాళ్ళు కొట్టినవాడా, గుమాస్తాగా నీడన కూర్చున్నవాడా? పైగా వయసు రుజువు చేసుకోవాలి. పుట్టిన తేదీ కాగితం లేనివాళ్ళ వయసు కట్టడానికి మేం ఫలానా కరువు నాటికి నీకు నడక వచ్చిందా, ఫలానా రాజు పోయేనాటికి పెళ్ళయిందా అని అడిగేవాళ్ళం. ఆఫీసు కౌంటర్ దగ్గర అంత ఓపిక ఎవరికుంటుంది? ఎదురు ఉదాహరణ కావాలంటే మారిషస్ చూడండి. మన తెలుగువాళ్ళు ఉగాదికి సెలవు తెచ్చుకున్న దేశం. అక్కడ 1958లో ఆస్తి చూడకుండా అందరికీ పింఛను ఇవ్వడం మొదలుపెట్టారు, చాలాకాలం అరవై దాటితే చాలు అది వచ్చేది. 2025లో ఆ వయసుని మెల్లగా అరవై ఐదుకి పెంచుతామంటే జనం వీధుల్లోకి వచ్చారు. కుటుంబాలు పెద్దల్ని చూసుకోకపోవడం వల్ల కాదు ఆ కోపం. ఆ డబ్బు ఉన్నందువల్లే పెద్దవాళ్ళు కోడలి ముందు చెయ్యి చాపకుండా ఆ ఇంట్లోనే ఉండగలుగుతున్నారు.

మీ వ్యాసానికి ఒక సలహా. కుటుంబ మద్దతు అన్న మాట వచ్చిన ప్రతిచోటా దాని పక్కన బాణం గుర్తు వేసుకోండి, ఎటు నుంచి ఎటు అని. బాణం వేయలేకపోతే ఆ వాక్యం కొట్టేయండి.

మా ఫారం సంగతి చెప్పడం మరిచాను. గోగో అడిగిన గడి తర్వాతి విడతలో పెట్టించాను. పై ఆఫీసుతో పెద్ద గొడవే అయింది, ఒక్క పేజీ పెరిగితే అచ్చు ఖర్చు ఎంతో తెలుసా అని. చివరికి సగం పేజీకి ఒప్పుకున్నారు. గత మూడు నెలల్లో మీరు ఎవరెవరికి ఏమిచ్చారు అని ప్రశ్న, కింద ఆరు వరసలు. మొదటి రోజు పదకొండు గంటలకల్లా ఫీల్డ్ నుంచి ఫోన్. రెండో ఇంట్లోనే వరసలు అయిపోయాయి, కాగితం వెనక రాయమంటారా అని. రాయమన్నాను.